పాత కార్ల తుక్కు ప్రోత్సాహక పథకాలు

పాత కార్ల తుక్కు ప్రోత్సాహక పథకం అనగా, కాలం చెల్లిన మోటారు వాహనాన్ని యజమాని తనంతట తానుగా తుక్కుకు అప్పగించినపుడు అందుకు ప్రతిఫలంగా ప్రభుత్వం నగదు గాని, పన్ను రాయితీ గాని, కొత్త వాహనం ధరలో తగ్గింపు గాని ఇచ్చే ఏర్పాటు. రోడ్లపై పొగ తగ్గించడం, ఇంధనం ఆదా చేయడం, ప్రమాదకరమైన బండ్లను తొలగించడం ఈ పథకాల ప్రకటిత లక్ష్యాలు. మందగించిన కార్ల పరిశ్రమకు గిరాకీ కల్పించడం మరొక లక్ష్యం. చాలా సందర్భాలలో అసలు లక్ష్యం ఇదే. ఈ రెండూ ఒకదానికొకటి తోడ్పడతాయని ప్రభుత్వాలు చెబుతూ వచ్చాయి కాని, ఏ బండికి డబ్బు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి అన్న చోట రెండింటి దారులు వేరవుతాయి. పథకాల చరిత్ర చాలావరకు ఈ పేచీ చుట్టూనే తిరుగుతుంది.

ఇటువంటి పథకాలు 1990లలో ఐరోపాలో విస్తరించాయి. 2008-09 ఆర్థిక మాంద్యం సమయంలో జర్మనీ, అమెరికా, బ్రిటన్, జపాన్, చైనా మొదలైన దేశాలు భారీ ఎత్తున అమలు చేశాయి. భారతదేశంలో 2021లో వాహనాల తుక్కు విధానం ప్రారంభమైంది. మన దేశపు విధానంలో కేంద్ర ప్రభుత్వం యజమాని చేతికి నేరుగా నగదు ఇవ్వదు. ఈ తేడా వల్ల దాని ఫలితాలు కూడా వేరుగా ఉన్నాయి.

పేర్లు

జర్మనీ ప్రభుత్వం తన పథకానికి "పర్యావరణ బహుమానం" అని అర్థం వచ్చే పేరు పెట్టింది. జనం మాత్రం దానిని "ఆబ్‌వ్రాక్‌ప్రేమీ", అంటే తుక్కు బహుమానం అని పిలిచారు. ఆ మాట ఎంతగా వాడుకలోకి వచ్చిందంటే, 2009 సంవత్సరపు జర్మన్ పదంగా దానినే జర్మన్ భాషా సంఘం ఎంపిక చేసింది. అమెరికాలో అధికారిక నామం "కార్ అలవెన్స్ రిబేట్ సిస్టమ్" కాగా, వాడుక పేరు "క్యాష్ ఫర్ క్లంకర్స్". క్లంకర్ అంటే డొక్కు బండి. ఫ్రాన్సులో 1990ల నాటి పథకాలను ఆనాటి ప్రధాన మంత్రులైన బలాదుర్, జుప్పేల పేర్లతో పిలిచేవారు. తెలుగు పత్రికలు "తుక్కు విధానం" అనే మాటను స్థిరపరచాయి.

పని చేసే తీరు

పథకం ఏ దేశానిదైనా చట్రం ఒకటే. పాత బండికి కనీస వయస్సు నిర్ణయిస్తారు (సాధారణంగా 8 నుండి 13 ఏళ్లు). దానిని గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి అప్పగించి, రిజిస్ట్రేషను రద్దు చేయించుకొని, ఆ మేరకు పత్రం పొందాలి. ఆ పత్రం చూపితే సొమ్ము గాని రాయితీ గాని లభిస్తుంది. చాలా పథకాలలో కొత్త కారు కొంటేనే ఇది వర్తిస్తుంది. కొన్నింటిలో మాత్రం కొనకపోయినా సొమ్ము ఇస్తారు.

షరతులలో ముఖ్యమైనది యాజమాన్యానికి సంబంధించినది. బండి కనీసం ఒక సంవత్సరం నుండి అదే వ్యక్తి పేరున రిజిస్టరై ఉండాలని జర్మనీ, అమెరికా రెండూ నిబంధన పెట్టాయి. అమెరికాలో ఆ ఏడాదంతా బీమా కూడా అమలులో ఉండాలి, బండి నడిచే స్థితిలో ఉండాలి. ఈ షరతులు లేకపోతే, పెరట్లో తుప్పు పట్టి పడి ఉన్న శకలాన్ని ఎవరైనా కారుచౌకగా కొని, మరునాడే ప్రభుత్వానికి అమ్మి లాభం చేసుకోవచ్చు. నడవని బండి పొగ వదలదు కనుక దానిని తుక్కు చేసినందువల్ల గాలికి ఒరిగేది ఏమీ లేదు.

ఇదే తర్కాన్ని కాస్త ముందుకు తీసుకుపోతే పథకపు అసలు చిక్కు తెలుస్తుంది. ప్రభుత్వం కొంటున్నది నిజానికి బండిని కాదు, ఆ బండి ఇంకా నడవబోయే మిగిలిన ఆయుష్షును. మరో ఆరు నెలల్లో మూలబడబోయే కారుకు ఇచ్చిన సొమ్ము దాదాపు వృథా. మరో ఐదేళ్లు రోజూ తిరగబోయే కారుకు ఇచ్చినదే సార్థకం. అయితే ఇచ్చే మొత్తం తక్కువైనపుడు ముందుగా వచ్చేవి మొదటి రకం బండ్లే. రెండవ రకం బండికి బజారులో అంతకంటే మంచి ధర వస్తుంది.

తొలి పథకాలు

1991లో గ్రీసు ప్రభుత్వం ఏథెన్స్ నగరపు పొగమంచు సమస్యకు పరిష్కారంగా పాత కార్లను తీసివేసి కెటలిటిక్ కన్వర్టరు ఉన్న కార్లు కొనేవారికి పన్ను రాయితీ ఇచ్చింది. తరువాత హంగరీ, డెన్మార్క్, స్పెయిన్, ఫ్రాన్స్, ఐర్లాండ్, ఇటలీ అదే దారి పట్టాయి. అమెరికాలో 1990లో యునోకాల్ అనే చమురు కంపెనీ లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో 1971కి పూర్వపు కార్లను ఒక్కొక్కటి 700 డాలర్లకు కొని నుజ్జు చేయించింది. ఇది ప్రభుత్వ పథకం కాకపోయినా, తరువాతి ప్రభుత్వ పథకాలకు నమూనాగా నిలిచింది.

వీటిలో పాఠం చెప్పినది ఫ్రాన్సు అనుభవం. 1994 ఫిబ్రవరిలో పదేళ్లు దాటిన కారుకు 5,000 ఫ్రాంకులు ప్రకటించారు. 1995 అక్టోబరులో వచ్చిన రెండవ పథకంలో వయస్సును ఎనిమిదేళ్లకు తగ్గించి, పెద్ద కార్లకు 7,000 ఫ్రాంకులు చేశారు. అది 1996 సెప్టెంబరులో ముగిసింది. 1996లో సుమారు 21 లక్షలుగా ఉన్న కొత్త కార్ల అమ్మకాలు 1997లో సుమారు 17 లక్షలకు పడిపోయాయి. రేపు కొనవలసినవారు నిన్ననే కొనేశారన్న మాట.

2009: మాంద్యంలో వెల్లువ

2008 చివరలో ప్రపంచ ఆర్థిక సంక్షోభం వలన కార్ల అమ్మకాలు కుప్పకూలాయి. అమెరికాలో క్రైస్లర్ 2009 ఏప్రిల్ 30న, జనరల్ మోటార్స్ జూన్ 1న దివాలా రక్షణ కోరాయి. కార్ల పరిశ్రమ వెనుక ఉక్కు, టైర్లు, గాజు, విడిభాగాల పరిశ్రమలలో లక్షల ఉద్యోగాలు ఉన్నందున ప్రభుత్వాలు పాత ఆయుధాన్ని మళ్లీ బయటకు తీశాయి.

జర్మనీ: 2009 జనవరిలో మొదలైంది. తొమ్మిదేళ్లు దాటిన కారును తుక్కుకు ఇచ్చి, కొత్తది గాని ఏడాది వయస్సు గలది గాని కొంటే 2,500 యూరోలు. మొదట 150 కోట్ల యూరోలు కేటాయించగా, గిరాకీ చూసి దానిని 500 కోట్లకు పెంచారు. సుమారు 20 లక్షల కార్లకు సరిపడే ఆ మొత్తం సెప్టెంబరు 2 నాటికి అయిపోయింది. కొత్త కార్ల రిజిస్ట్రేషన్లు 2008లో సుమారు 31 లక్షలు, 2009లో 38 లక్షలు, 2010లో 29 లక్షలు. ఫ్రాన్సు కథే మరల జరిగిందని ఈ మూడు అంకెలు చెబుతున్నాయి. అయితే జర్మనీ ప్రభుత్వానికి కావలసింది ఆ ఒక్క గడ్డు సంవత్సరం దాటడమే కనుక, పరిశ్రమ దృష్టితో చూసినపుడు దీనిని పూర్తి వైఫల్యం అనడం న్యాయం కాదు. మోసాలు కూడా జరిగాయి. తుక్కు చేసినట్టు పత్రం పుట్టించి, బండిని ఆఫ్రికాకు, తూర్పు ఐరోపాకు ఎగుమతి చేసిన ఉదంతాలు బయటపడ్డాయి. అలా తరలిపోయినవి 50,000 వరకు ఉండవచ్చని అక్కడి నేర పరిశోధన అధికారుల సంఘం అంచనా వేసింది.

ఐరోపా పథకాల వలన మన దేశంలోని కర్మాగారాలు కూడా లాభపడ్డాయన్నది అంతగా ప్రచారంలోకి రాని విషయం. చిన్న కార్లకు అక్కడ గిరాకీ పెరగడంతో చెన్నై సమీపంలో తయారైన హ్యుందాయ్ ఐ10, మానేసర్‌లో తయారైన మారుతి ఎ-స్టార్ పెద్ద సంఖ్యలో ఓడలెక్కాయి. 2009-10లో మారుతి ఎగుమతులు అంతకు ముందటి సంవత్సరంతో పోలిస్తే రెట్టింపు దాటాయి.

అమెరికా: ఒబామా 2009 జూన్ 24న సంతకం చేసిన చట్టం ప్రకారం, గాలనుకు 18 మైళ్లు (లీటరుకు సుమారు 7.6 కిలోమీటర్లు) లేదా అంతకంటే తక్కువ ఇచ్చే కారును అప్పగించి, మెరుగైన మైలేజి గల కొత్త కారు కొన్నవారికి 3,500 లేదా 4,500 డాలర్లు తగ్గించారు. పాత కారు వయస్సు 25 ఏళ్లకు లోపు ఉండాలి. కొత్త కారు ధర 45,000 డాలర్లు మించరాదు. నవంబరు దాకా సరిపోతుందనుకొన్న 100 కోట్ల డాలర్లు జూలై నెలాఖరుకు, అంటే దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టిన వారం రోజుల్లోనే ఖర్చయ్యాయి. కాంగ్రెసు మరో 200 కోట్లు మంజూరు చేసింది. ఆగస్టు 24న పథకం ముగిసేసరికి సుమారు 6.8 లక్షల కార్లకు దాదాపు 285 కోట్ల డాలర్లు చెల్లించారు.

అప్పగించిన కారు మరల రోడ్డెక్కకుండా చేయడానికి అమెరికన్లు అనుసరించిన పద్ధతి చెప్పుకోదగినది. డీలరు ఇంజను ఆయిలు పూర్తిగా తీసివేసి, దాని బదులు సుమారు రెండు లీటర్ల సోడియం సిలికేట్ ద్రావణం (పాఠ్యపుస్తకాలలో వాటర్ గ్లాస్ అని చదువుకొనేది) పోస్తాడు. తరువాత ఇంజనును నిమిషానికి 2,000 చుట్ల వేగంతో నడుపుతాడు. వేడికి నీరు ఆవిరై, మిగిలిన సిలికేటు బేరింగులలో గాజు పొడిలా గరగరలాడుతుంది. కొద్ది నిమిషాలలోనే ఇంజను బిగుసుకుపోయి ఆగిపోతుంది. ఇక ఏ మెకానిక్కూ దానిని బాగుచేయలేడు. మిగిలిన భాగాలను విప్పి అమ్ముకోవచ్చు కాని, 180 రోజుల లోపు బండిని నుజ్జు చేయాలి. బాగా నడుస్తున్న ఇంజనును ఇలా చంపడం చూసి మెకానిక్కులు, పాత కార్ల ప్రేమికులు బాధపడ్డారు. నిజానికి పథకపు ఉద్దేశమే అది. ఇంజను బతికి ఉంటే పొగ ఊరు మారుతుందే కాని పోదు.

ఎక్కువగా తుక్కుకు వచ్చిన బండి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్. ఎక్కువగా అమ్ముడైన కొత్త కారు టయోటా కరోలా. అమెరికా పరిశ్రమను ఆదుకోవడానికి పెట్టిన డబ్బు జపాను కంపెనీకి పోయిందని అక్కడ గొడవ జరిగింది. అయితే పథకం కింద అమ్ముడైన కార్లలో సుమారు సగం అమెరికాలోనే తయారైనవి.

బ్రిటన్: 2009 మే నుండి 2010 మార్చి వరకు. పదేళ్లు దాటిన కారుకు 2,000 పౌండ్లు. అందులో సగం ప్రభుత్వం, సగం తయారీదారు భరించారు. దాదాపు 4 లక్షల కార్లు మారాయి. ఖర్చులో తయారీదారుకు వాటా పెట్టిన ఈ పద్ధతి ఖజానా దృష్టితో చూస్తే మిగిలిన వాటికంటే మెరుగైనది.

జపాన్: 13 ఏళ్లు దాటిన కారు మార్చుకొన్నవారికి 2,50,000 యెన్‌ల వరకు ఇచ్చారు.

ఇంధనం ఆదా: ఒక చిన్న లెక్క

అమెరికా పథకంలో అప్పగించిన కార్ల సగటు మైలేజి గాలనుకు 15.8 మైళ్లు, కొన్నవాటిది 24.9 మైళ్లు. మన లెక్కలో ఇవి లీటరుకు సుమారు 6.7, 10.6 కిలోమీటర్లు. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే కారుకు పాతదైతే సుమారు 1,790 లీటర్లు, కొత్తదైతే సుమారు 1,130 లీటర్లు కావాలి. అంటే ఆదా 660 లీటర్లు.

ఇప్పుడు మన దేశంలో లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పాత చిన్న కారును 20 కిలోమీటర్లు ఇచ్చే కొత్త కారుతో మార్చామనుకొందాము. 12,000 కిలోమీటర్లకు పాతదానికి 800 లీటర్లు, కొత్తదానికి 600 లీటర్లు. ఆదా 200 లీటర్లు మాత్రమే. మైలేజి తేడా ఇక్కడ 5 కిలోమీటర్లు, అక్కడ 4 కిలోమీటర్ల కంటే తక్కువ. అయినా ఆదా మూడో వంతుకు తక్కువే. మైలేజి అంకె పెరిగినకొద్దీ దానిలోని ప్రతి కిలోమీటరు విలువ తగ్గుతుందన్న ఈ సంగతిని విద్యార్థులు సులభంగా మరచిపోతారు. ఇది మంత్రులకు కూడా గుర్తుచేయవలసినదే. కొత్త కారు తయారీకే ఉక్కు, అల్యూమినియం, విద్యుత్తు రూపంలో ఎంతో శక్తి ఖర్చవుతుంది. ఆ ఖర్చును కూడా లెక్కలో వేస్తే 200 లీటర్ల ఆదాతో అది తీరడానికి ఏళ్లు పడుతుంది.

కనుక భారతదేశంలో ఈ విధానాన్ని సమర్థించవలసినది పెట్రోలు ఆదా పేరుతో కాదు, పొగ పేరుతో. భారత్ స్టేజ్ ప్రమాణాలలో 3 వ దశ దేశమంతటా 2010లో, 4 వ దశ 2017 ఏప్రిల్‌లో (హైదరాబాదుతో సహా కొన్ని నగరాలలో 2010లోనే), 6 వ దశ 2020 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చాయి. ఒక్కొక్క దశకు నైట్రోజన్ ఆక్సైడులు, మసి కణాల పరిమితులు బాగా తగ్గాయి. ముఖ్యంగా పాత డీజిలు లారీ, బస్సు తీసివేస్తే కలిగే మేలు, అంతే వయస్సు గల పెట్రోలు కారును తీసివేస్తే కలిగేదానికంటే అనేక రెట్లు ఎక్కువ.

ఆర్థికవేత్తల విమర్శలు

అందరికంటే ఎక్కువగా పరిశీలనకు గురైనది అమెరికా పథకం. అతీఫ్ మియాన్, అమీర్ సూఫీ 2012లో ప్రచురించిన పరిశోధనలో, పథకం వలన 2009 జూలై, ఆగస్టు నెలలలో సుమారు 3.7 లక్షల కార్లు అదనంగా అమ్ముడైన మాట నిజమేనని, కాని 2010 మార్చి నాటికే తరువాతి నెలల తగ్గుదల ఆ పెరుగుదలనంతా మింగివేసిందని తేల్చారు. ఎడ్మండ్స్ అనే కార్ల సమాచార సంస్థ 2009లోనే, పథకం లేకపోయినా కొనబోయేవారిని తీసివేసి లెక్కిస్తే నిజమైన అదనపు కారు ఒక్కింటికి ప్రభుత్వానికి సుమారు 24,000 డాలర్లు పడిందని చెప్పింది. ఈ లెక్కను ప్రభుత్వం ఒప్పుకోలేదు.

మార్క్ హోక్‌స్ట్రా, స్టీవెన్ పుల్లర్, జెరెమీ వెస్ట్ 2017లో ప్రచురించిన పరిశోధన మరింత ఆసక్తికరమైనది. మైలేజి షరతు వలన కొనుగోలుదారులు పెద్ద, ఖరీదైన కార్లు మాని చిన్నవి, చౌకవి కొన్నారు. దాని ఫలితంగా పథకం లేకపోతే కార్లపై ఖర్చయి ఉండే మొత్తం కంటే సుమారు 300 కోట్ల డాలర్లు తక్కువ ఖర్చయింది. పర్యావరణం కోసం పెట్టిన షరతే పరిశ్రమ ఆదాయాన్ని తగ్గించింది. మొదట చెప్పిన రెండు లక్ష్యాల పేచీకి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

మూడవ విమర్శ పేదవారి గురించినది. కొత్త కారు కొనగలవారికే బహుమానం అందుతుంది. చౌక సెకండ్ హ్యాండ్ కారు మాత్రమే కొనగలవారికి బజారులో అటువంటి కార్లు, వాటి విడిభాగాలు తగ్గిపోతాయి. దీనికి విరుగుడుగా కొన్ని చోట్ల ఏర్పాట్లు చేశారు. కాలిఫోర్నియాలో పొగ పరీక్షలో తప్పిన బండిని వదులుకొనే తక్కువ ఆదాయం గలవారికి ఎక్కువ మొత్తం ఇస్తారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 1996లో మొదలైన పథకం కారుకు బదులు బస్సు పాసు గాని, సైకిలు గాని తీసుకొనే వీలు కల్పించింది. ఫ్రాన్సులో 2024 డిసెంబరులో రద్దయిన మార్పిడి బహుమానం చివరి ఏళ్లలో ఆదాయాన్ని బట్టి మారేది. చైనా మాత్రం 2024లో మళ్లీ అమ్మకాల పెంపు మార్గాన్నే ఎంచుకొని, పాతది తీసివేసి విద్యుత్తు కారు కొంటే ఇచ్చే మొత్తాన్ని ఆ ఏడాది ఆగస్టులో 10,000 నుండి 20,000 యువాన్‌లకు పెంచింది.

భారతదేశంలో

ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 2021 ఫిబ్రవరి 1 నాటి బడ్జెటు ప్రసంగంలో స్వచ్ఛంద తుక్కు విధానాన్ని ప్రకటించారు. రోడ్డు రవాణా మంత్రి నితిన్ గడ్కరీ మార్చి 18న వివరాలు లోక్‌సభ ముందుంచారు. ప్రధాని నరేంద్ర మోదీ ఆగస్టు 13న ప్రారంభించారు. 20 ఏళ్లు దాటిన తేలికపాటి వాహనాలు 51 లక్షలు, 15 ఏళ్లు దాటినవి మరో 34 లక్షలు, చెల్లుబాటయ్యే ఫిట్‌నెస్ పత్రం లేని 15 ఏళ్లు దాటిన మధ్యతరహా, భారీ వాణిజ్య వాహనాలు 17 లక్షలు ఉన్నాయని అప్పట్లో మంత్రిత్వశాఖ తెలిపింది.

జనంలో ఒక అపోహ బాగా పాతుకుపోయింది. 15 ఏళ్లు నిండగానే కారును తుక్కుకు ఇచ్చివేయాలని చాలామంది అనుకొంటారు. ఢిల్లీ ప్రాంతాన్ని మినహాయిస్తే సొంత కారు విషయంలో ఇది నిజం కాదు. దేశవ్యాప్త విధానానికి ప్రాతిపదిక వయస్సు కాదు, సామర్థ్యం. 15 ఏళ్లు నిండిన సొంత కారును తనిఖీ చేయించి ఆర్.సి.ని ఐదేళ్లకు పొడిగించుకోవచ్చు. తనిఖీలో తప్పితేనే అది కాలం చెల్లిన వాహనం అవుతుంది. ప్రభుత్వ వాహనాల సంగతి వేరు. 15 ఏళ్లు దాటిన కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ వాహనాల, ఆర్టీసీ బస్సుల రిజిస్ట్రేషన్లు 2023 ఏప్రిల్ 1 నుండి చెల్లవు. రక్షణ, శాంతిభద్రతల అవసరాలకు వాడే ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉంది.

యజమానికి లభించేవి ఇవి. తుక్కు కేంద్రం ఇచ్చే వెల, కొత్త కారు షోరూము ధరలో 4 నుండి 6 శాతం ఉంటుందని విధానంలో పేర్కొన్నారు. కేంద్రం ఇచ్చిన డిపాజిట్ సర్టిఫికెట్ చూపితే కొత్త బండికి రిజిస్ట్రేషను రుసుము ఉండదు. రాష్ట్రాలు మోటారు వాహనాల పన్నులో సొంత వాహనాలకు 25 శాతం వరకు, రవాణా వాహనాలకు 15 శాతం వరకు రాయితీ ఇవ్వవచ్చు. ఈ సర్టిఫికెట్‌ను ఇతరులకు అమ్ముకొనే వీలు కూడా ఉంది కనుక కొత్త కారు కొనని యజమాని కూడా దాని విలువను కొంత పొందగలడు. తయారీదారులు 5 శాతం తగ్గించాలని మొదట సలహా మాత్రమే ఇచ్చారు. 2024 ఆగస్టులో పలు కంపెనీలు పరిమిత కాలానికి 1.5 శాతం లేదా 20,000 రూపాయలు, ఏది తక్కువైతే అది తగ్గించడానికి ఒప్పుకొన్నాయి.

రెండవ వైపు పాత బండిని ఉంచుకోవడం ఖరీదైన పనిగా మార్చారు. 2022 ఏప్రిల్ 1 నుండి 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషను పొడిగింపు రుసుము 600 నుండి 5,000 రూపాయలకు, మోటారు సైకిలుకు 300 నుండి 1,000 రూపాయలకు పెరిగింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కారుకు 10,000, మోటారు సైకిలుకు 2,000 చేశారు.

ఇక ఫలితాలు. 2025 సెప్టెంబరులో గడ్కరీ చెప్పిన ప్రకారం ఆ ఏడాది ఆగస్టు వరకు తుక్కు అయిన వాహనాలు సుమారు 3 లక్షలు. అందులో 1.41 లక్షలు ప్రభుత్వానివే. అంటే దాదాపు సగం, ప్రభుత్వం తన ఉత్తర్వుతో తానే వదిలించుకొన్నవి. మిగిలినవాటిని పైన చెప్పిన కోటి పైచిలుకు సంఖ్యతో పోల్చి చూడవచ్చు.

కారణం లెక్కలోనే ఉన్నది. ఒక పాత మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు. తుక్కు కేంద్రం బరువును బట్టి కిలోకు 25 రూపాయల చొప్పున ఇచ్చిందనుకొంటే 16,250 రూపాయలు వస్తాయి. అదే బండి నడిచే స్థితిలో ఉంటే పల్లెలో డ్రైవింగు నేర్పేవారో, కూరగాయలు వేసుకొనేవారో అంతకంటే ఎక్కువ ఇచ్చి తీసుకొంటారు. పన్ను రాయితీ విలువ కొత్త కారు కొనేవారికే తెలుస్తుంది. పాత మారుతి యజమాని సాధారణంగా కొనేది మరొక పాత కారు. అందువలన ఆ యజమాని దృష్టిలో రాయితీ కేవలం కాగితం మీది అంకె.

తనిఖీ వ్యవస్థ రెండవ అడ్డంకి. మనవైపు జనం బ్రేక్ ఇన్‌స్పెక్టరు అని పిలిచే మోటారు వాహనాల తనిఖీ అధికారి కంటితో చూసి ఎఫ్.సి. ఇచ్చే పద్ధతి బదులు, యంత్రాలతో పరీక్షించే ఆటోమేటెడ్ కేంద్రాలు రావాలి. భారీ వాణిజ్య వాహనాలకు ఈ పరీక్షను 2023 ఏప్రిల్ నుండి తప్పనిసరి చేయదలచి, కేంద్రాలు చాలనందున 2024 అక్టోబరుకు వాయిదా వేశారు. పరీక్ష కచ్చితంగా లేనంతకాలం పొగ కక్కే లారీ కూడా ఎఫ్.సి. పొందుతూనే ఉంటుంది. దానిని తుక్కుకు ఇచ్చే అవసరం యజమానికి రాదు.

ఢిల్లీ

రాజధాని ప్రాంతంలో ప్రోత్సాహం కంటే నిర్బంధమే ముందు వచ్చింది. 15 ఏళ్లు దాటిన వాహనాలు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 నవంబరులోను, పదేళ్లు దాటిన డీజిలు వాహనాలు తిరగరాదని 2015 ఏప్రిల్‌లోను ఆదేశించింది. సుప్రీంకోర్టు 2018 అక్టోబరు 29న దీనిని సమర్థించింది. 2025 జూలై 1 నుండి అటువంటి వాహనాలకు బంకులలో ఇంధనం పోయరాదన్న ఆదేశం అమలులోకి వచ్చి, ప్రజల ఆగ్రహం వలన రెండు మూడు రోజులలోనే ఆగిపోయింది. వయస్సు ఒక్కటే కారణంగా యజమానులపై కఠిన చర్యలు తీసుకోవద్దని సుప్రీంకోర్టు ఆగస్టు 12న ఆదేశించింది. డిసెంబరులో ఆ రక్షణను భారత్ స్టేజ్ 4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. బాగా చూసుకొన్న బండిని, పాడుచేసుకొన్న బండిని ఒకే గాటన కట్టడం అన్యాయమన్నది యజమానుల వాదన. దీనిలో బలం ఉంది. మరో సంగతి, ఢిల్లీలో గడువు తీరిన కార్లు నిరభ్యంతర పత్రంతో ఇతర రాష్ట్రాలకు అమ్ముడుపోతుంటాయి. అక్కడి పొగ ఇక్కడికి వస్తున్నదే కాని తగ్గడం లేదు.

తెలుగు రాష్ట్రాలలో

మోటారు వాహనాల పన్ను రాష్ట్రాల అధికారం కనుక రాయితీకి రాష్ట్రం ఉత్తర్వులు ఇవ్వాలి. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో స్వచ్ఛంద వాహన ఆధునికీకరణ విధానాన్ని ప్రకటించింది. రెండు రాష్ట్రాలలోను సొంత కారుకు పన్నును ఒకేసారి లైఫ్ టాక్సుగా చెల్లిస్తారు. ఉదాహరణకు లైఫ్ టాక్సు లక్ష రూపాయలు అనుకొంటే, కేంద్ర నిబంధనల ప్రకారం రాష్ట్రం ఇవ్వగల గరిష్ఠ రాయితీ 25,000 రూపాయలు.

పాత బండ్లను విప్పే పని ఇక్కడ కొత్తగా వచ్చినది కాదు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల లారీలను, కార్లను విప్పి ఇంజను, గేరుబాక్సు, ఇరుసులు వేరుచేసి అమ్మడం దశాబ్దాలుగా సాగుతున్న వృత్తి. చెన్నైలో పుదుపేట, ఢిల్లీలో మాయాపురి ఇటువంటివే. వీరు పనికివచ్చే ప్రతి భాగాన్నీ తిరిగి వాడుకలోకి తెస్తారు కనుక కేవలం ఇనుము ధర కట్టే కేంద్రం కంటే ఎక్కువ ఇవ్వగలరు. కాని ఆయిలు నేలపాలవుతుంది, ఏ.సి. వాయువు గాలిలో కలుస్తుంది, బ్యాటరీలోని సీసం, ఆమ్లం పనివాడి చేతికి అంటుతాయి. పైగా రిజిస్ట్రేషను రద్దు కాకుండానే బండి మాయమవుతుంది. దాని నంబరు మరో బండికి ఎక్కే ప్రమాదం ఉంది. ఈ పనివారిని పక్కన పెట్టే బదులు, తగిన స్థలం, పరికరాలు ఇచ్చి వారినే గుర్తింపు పొందిన కేంద్రాలుగా మార్చడం మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తుక్కు కేంద్రంలో

2021 సెప్టెంబరు నిబంధనల ప్రకారం నమోదైన కేంద్రం, ముందుగా బండి దొంగిలించినది కాదని జాతీయ నేర నమోదు సంస్థ సమాచారంతో సరిచూస్తుంది. అప్పు తీరని బండిని, కేసులో ఉన్న బండిని తీసుకోదు. తరువాత బ్యాటరీ తీసి, ఇంధనం, ఆయిలు, కూలెంటు, ఏ.సి. వాయువు వేరువేరుగా తోడివేస్తారు. ఎయిర్‌బ్యాగులను జాగ్రత్తగా నిర్వీర్యం చేస్తారు. కెటలిటిక్ కన్వర్టరులో ప్లాటినం, పెల్లేడియం, రోడియం ఉంటాయి కనుక బరువుకు తగ్గ ధరలో బండి మొత్తం మీద అదే విలువైనది. చాసిస్ నంబరు ఉన్న ముక్కను కోసి భద్రపరుస్తారు. చివరకు మిగిలిన డొల్లను నొక్కి దిమ్మగా చేసి ఉక్కు కొలిమికి పంపుతారు. కారు బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఉక్కు, ఇనుమే. నోయిడాలో మారుతి, టయోటా సంస్థల ఉమ్మడి కేంద్రం 2021 నవంబరులో, జైపూరులో టాటా మోటార్స్ వారి మొదటి కేంద్రం 2023లో ప్రారంభమయ్యాయి. మహీంద్రా వారి అనుబంధ సంస్థ, ప్రభుత్వ రంగంలోని ఎం.ఎస్.టి.సి. కలసి విధానానికి ముందే, 2018లో, గ్రేటర్ నోయిడాలో ఒక కేంద్రాన్ని తెరిచాయి.

ఐరోపా సమాఖ్య 2000 సంవత్సరపు ఆదేశంతో కాలం చెల్లిన కారు బాధ్యతను తయారీదారుపై పెట్టి, 2015 నాటికి బరువులో 95 శాతం తిరిగి రాబట్టాలని లక్ష్యం నిర్ణయించింది. భారత పర్యావరణ మంత్రిత్వశాఖ 2025 జనవరిలో ప్రకటించిన నిబంధనలు అదే దారిలో, 2025 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం తయారీదారు 15 ఏళ్ల క్రితం అమ్మిన రవాణా వాహనాలలో, 20 ఏళ్ల క్రితం అమ్మిన సొంత వాహనాలలో వాడిన ఉక్కుకు గాను మొదటి ఐదేళ్లు ఏటా కనీసం 8 శాతం తిరిగి రాబట్టినట్టు చూపాలి. తరువాత అది 13 శాతానికి, 2035-36 నుండి 18 శాతానికి పెరుగుతుంది. తయారీదారు ఈ లెక్కకు కావలసిన పత్రాలను నమోదైన తుక్కు కేంద్రాల నుండి కొనవలసి ఉంటుంది. ఆ సొమ్ములో కొంత భాగం కేంద్రాలు యజమానికి ఇచ్చే వెలలో చేరడానికి దీని వలన అవకాశం ఏర్పడింది.